ఈ విల్లు ఏ ఊరిది?

గద్వాలలో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద ఒక విల్లు దొరికిందనుకుందాం. వనపర్తి సంస్థానంలో కొలువు చేసినవాళ్ళ ఇంట్లో అనుకున్నా, నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ పైన ఒక చెంచు పెంటలో అనుకున్నా ఫరవాలేదు. ఫొటో తీసి నలుగురికి చూపిస్తే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఇదెక్కడిది?" ఆ వెంటనే జవాబులు కూడా వచ్చేస్తాయి. కృష్ణదేవరాయల కాలం నాటిదని ఒకరు, కాదు తురుష్కుల విల్లని ఇంకొకరు, ఆదిమానవుల కాలం నుంచీ వస్తున్న ఆటవికుల విల్లని మరొకరు. ఈ ముగ్గురిలో ఒక్కరూ విల్లుని చూడలేదన్నది గమనించండి. అది దొరికిన ఇంటిని చూసి, ఆ ఇంటివాళ్ళ కులాన్నో మతాన్నో చూసి జవాబు చెప్పేశారు.

విల్లుని చూసి జవాబు చెప్పడం ఎలా? దాని పుట్టుక గురించి అది తానుగా ఎంతవరకు చెప్పగలదు? ఎక్కడ ఆగిపోతుంది? ఈ వ్యాసంలో నేను తేల్చుకోవాలనుకున్నవి ఇవే. ఇందుకు ఈ మూడు జిల్లాలకంటే మంచి చోటు దొరకదు. పడమటి వైపు కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ. బహమనీలకీ విజయనగరానికీ మధ్య తరతరాలు నలిగిన అంతర్వేదిలో అదొక భాగం. మధ్యలో సంస్థానాల సీమ. తూర్పున నల్లమల. ఒకపక్క గుర్రపు రౌతు విల్లు, ఇంకోపక్క కాలినడకన తిరిగే వేటగాడి విల్లు. రెండింటికీ మధ్య కొన్ని రోజుల నడక ఉంటుందేమో.

మొట్టమొదట చూడాల్సింది విల్లు దేనితో చేశారన్నది. కొత్త సంగతేమీ కాదు, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాగారాధ్యక్షుడి ప్రకరణం చేసిన పని ఇదే. అక్కడ విళ్ళకి నాలుగు ముడిసరుకులు చెప్పారు: తాటి, వెదురు, కొయ్య, కొమ్ము. వాటికి వరసగా కార్ముకం, కోదండం, ద్రూణం, ధనుస్సు అని పేర్లు. మనం పద్యాల్లో ఇవన్నీ పర్యాయపదాలుగా వాడేసుకుంటాం గానీ, ఆయుధాగారం లెక్కలు రాసుకునేవాడికి అవి వేరువేరు సరుకులు. నారికి కూడా అక్కడ ఒక జాబితా ఉంది: చాగనార, జిల్లేడు, జనుము, వెదురు, జంతువుల నరం వగైరా. చాగ, జిల్లేడు, జనుము మన పొలం గట్ల మీద ఇవాళ్టికీ కనిపించేవే. తెలుగులో వింటితాడుని 'నారి' అనడం చూస్తే, ఈ భాష మాట్లాడినవాళ్ళ మొదటి వింటితాళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో ఆ మాటే చెబుతుంది. నార, నారి తోబుట్టువులు.

ఈ నాలుగిట్లో కొమ్ము విల్లు కథ వేరు. అది ఎందుకు వేరో తెలియాలంటే కొంచెం మెకానిక్స్ కావాలి. విల్లు వంచినప్పుడు విలుకాడి వైపున్న ముఖం నొక్కుకుపోతుంది, గురి వైపున్న ముఖం సాగుతుంది. మొదటిదాన్ని పొట్ట అనీ, రెండోదాన్ని వీపు అనీ అందాం. ఒకే కొయ్యతో చేసిన విల్లులో ఈ రెండు పనులూ ఒకే పదార్థం చెయ్యాలి. వీపు సాగి చిట్లిపోకుండా ఉండాలంటే విల్లు పొడుగ్గా ఉండాలి, అప్పుడు ప్రతి జానెడూ కొంచెం కొంచెమే వంగితే సరిపోతుంది. నేల మీద నిలబడి వేసేవాడికి పొడుగు విల్లుతో పెద్ద ఇబ్బంది లేదు. గుర్రం మీద కూర్చుని ఎడమకీ కుడికీ వెనక్కీ తిరిగి వేసేవాడికి అది పెద్ద అడ్డం.

మధ్య ఆసియా మైదానాల గుర్రపు జాతులు దీనికొక పరిష్కారం కనిపెట్టాయి. పొట్టకి కొమ్ము పలకలు అతికించారు, ఎంత నొక్కినా కొమ్ము తట్టుకుంటుంది. వీపుకి జంతువుల స్నాయువుల్ని దంచి, పీచులుగా విడదీసి, జిగురులో ముంచి పొరలు పొరలుగా పరిచారు, ఎంత లాగినా అది సాగి వెనక్కొస్తుంది. మధ్యలో సన్నటి కొయ్య ఉండేది, దాని పని ఈ రెండింటినీ పట్టుకోవడమే. ఏ పదార్థానికి చేతనైన పని దానికి అప్పజెప్పారన్నమాట. ఫలితంగా విల్లు పొట్టిదయింది, దెబ్బ మాత్రం తగ్గలేదు. జిగురు పూర్తిగా ఆరాలంటే నెలలు పడుతుంది, ఒక మంచి విల్లు తయారవడానికి ఏడాదికి పైనే పట్టేది.

గద్వాల పాఠకులకి దీన్ని వివరించడం తేలిక. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు గుణాలున్న రెండు నేతల్ని కుప్పడం పద్ధతిలో ఒకదానితో ఒకటి కలిపేస్తారు. అతుకు గట్టిగా లేకపోతే చీర లేదు. కొమ్ము విల్లు కూడా అంతే, దాని ప్రాణమంతా అతుకులో ఉంది.

ఇప్పుడు అటక మీది విల్లు దగ్గరికి వద్దాం. దానికి నారి లేదు. రెండు కొసలూ ఒక పక్కకి ముడుచుకుని ఉన్నాయి. చూసినవాళ్ళు ఆ ముడుచుకున్న పక్కే పొట్ట అనుకుని అటే తాడు కడదామని చూస్తారు. మామూలు వెదురు విల్లయితే అది సరే. కొమ్ము విల్లు నారి విప్పితే తన స్వభావం కొద్దీ గురి వైపుకి, అంటే ఎదురు దిక్కుకి ముడుచుకుపోతుంది. దాన్ని వెనక్కి తిప్పి, బలవంతంగా వంచి నారి ఎక్కిస్తేనే విల్లు. తెలియక ముడుచుకున్న పక్కకే తాడు కట్టి లాగితే, నొక్కు తట్టుకునే కొమ్ము సాగాల్సొస్తుంది, సాగాల్సిన స్నాయువు నొక్కుకుపోతుంది. మూడువందల ఏళ్ళు నిలిచిన వస్తువు మూడు నిమిషాల్లో విరిగిపోతుంది. కాబట్టి పాత విల్లు దొరికితే చెయ్యకూడని మొదటి పని దానికి తాడు కట్టడం.

ఆ ముడుచుకునే తీరే దాని జాతిని కూడా చెబుతుంది. టర్కీ విల్లు పొట్టిగా, పొందిగ్గా ఉంటుంది. చైనాని ఏలిన మంచూల విల్లు భారీది. దాని కొసలు పొడుగాటి కొయ్య చెవుల్లా ఉంటాయి, నారి తగిలే చోట చిన్న వంతెన లాంటి దిమ్మ ఉంటుంది. కొరియా విల్లు నారి విప్పితే దాదాపు సున్నా చుట్టేస్తుంది. మన దేశంలో ఎక్కువగా దొరికే కొమ్ము విల్లుకి రెక్కలు వెడల్పుగా ఉంటాయి, పిడి లోపలికి నొక్కినట్టుంటుంది, నారి విప్పితే రెక్కలు రెండూ ఎండ్రకాయ డెక్కల్లా ముందుకి వంగుతాయి. పాత ఆయుధాలు సేకరించేవాళ్ళు దాన్ని ఎండ్రకాయ విల్లనే పిలుస్తారు. దాని మీద లక్క పూసి, బంగారు రంగుతో పూలూ లతలూ వేసి ఉండటం మామూలే. అటక మీది విల్లుకి ఈ లక్షణాలు ఉంటే అది హిందుస్తానీ విల్లని చెప్పొచ్చు. మొత్తం ఉక్కుతో చేసినదైతే అనుమానమే అక్కర్లేదు, అదీ హిందుస్తానీదే. మన వానాకాలం తేమకి జంతువుల జిగురు మెత్తబడిపోతుంది. కోటల్లో ఏళ్ళ తరబడి దాచిపెట్టడానికి ఇక్కడివాళ్ళు ఉక్కు విళ్ళు చేయించుకున్నారు. ఉక్కు విల్లు కొమ్ము విల్లంత చురుగ్గా ఉండదు, కానీ తేమకి విడిపోదు.

ఇంతవరకూ బాగానే ఉంది. హిందుస్తానంటే ఎక్కడ? లాహోరా, ఢిల్లీయా, బీజాపురా, గోలకొండా? ఇక్కడినుంచి విల్లు తానుగా చెప్పేది తగ్గిపోతుంది. ఎక్స్‌రే తీస్తే లోపలి కొయ్య అతుకులు ఎలా వేశారో తెలుస్తుంది. జిగురులో, స్నాయువులో ఉన్న కొలాజెన్‌ని పరీక్షిస్తే అది ఏ జంతువుదో తెలుస్తుంది. రేడియోకార్బన్ పరీక్ష ఉంది గానీ, దాదాపు 1650 తర్వాతి వస్తువుల విషయంలో అది ఒక్క తేదీకి కట్టుబడదు, రెండు మూడు శతాబ్దాల మీద పరుచుకున్న జవాబు ఇస్తుంది. పైనున్న రంగుని నమ్ముకుందామంటే, ఏటా దసరాకి జమ్మిచెట్టు పూజలో, ఆయుధపూజలో పెట్టిన విల్లుకి ఎవరు ఎప్పుడు కొత్త రంగు వేశారో చెప్పలేం. రంగు వయసు విల్లు వయసు కాకపోవచ్చు.

అప్పుడు చరిత్ర వైపు తిరుగుతాం. "తురుష్కుల విల్లు" అనే జవాబుకి కాస్త ఆధారం ఉన్నట్టు కనిపించేది ఇక్కడే. బీజాపూరులో ఉండి పదిహేడో శతాబ్దం మొదట్లో చరిత్ర రాసిన ఫిరిష్తా ఒక కథ చెప్పాడు. విజయనగరాన్ని ఏలిన రెండో దేవరాయలు (1422-46) బహమనీల చేతిలో పదేపదే ఎందుకు ఓడిపోతున్నామని తన కొలువులో అడిగాడట. వాళ్ళ గుర్రాలు బలమైనవి, వాళ్ళ విలుకాళ్ళు గొప్పవాళ్ళు అన్నారట. దాంతో రాయలు ముస్లిం విలుకాళ్ళని కొలువులో పెట్టుకుని, జాగీర్లిచ్చి, మసీదు కట్టించి, తన హిందూ సైనికులకి కూడా ఆ విద్య నేర్పించాడని ఫిరిష్తా రాశాడు. జరిగిన రెండువందల ఏళ్ళకి, గెలిచిన పక్షపు కొలువులో కూర్చుని రాసినవాడు కాబట్టి అంకెల్ని అంతగా నమ్మక్కర్లేదు. అయినా ఒక సంగతి మిగులుతుంది. నడిగడ్డ కోసం కొట్టుకున్న రెండు పక్షాల చేతుల్లోనూ ఒకే రకం విల్లు ఉండే అవకాశం ఉంది. చేసినవాడు ఒక మతం, వాడినవాడు ఇంకో మతం, నేర్పినవాడు ఒక రాజ్యం, గెలిచినవాడు ఇంకో రాజ్యం. 1520లో కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షా మీద రాయచూరు యుద్ధం గెలిచినప్పుడు ఆయన వైపు పోర్చుగీసు తుపాకీవాళ్ళు కూడా ఉన్నారు. అటక మీద తుపాకీ దొరికితే దాన్ని చూసి ఆ ఇంటివాళ్ళు పోర్చుగీసువాళ్ళని అనం కదా. విల్లు దగ్గరకొచ్చేసరికి మాత్రం అలాంటి మాటే అనేస్తాం.

పైగా కొమ్ము విల్లు తురుష్కులతోనే మొదటిసారి వచ్చిందనడం కూడా కుదరదు. అర్థశాస్త్రం జాబితాలో కొమ్ము ఉందని పైన చూశాం. విష్ణువు విల్లు పేరు శార్ఙ్గం, శృంగం అంటే కొమ్ము. పాత తెలుగులో సింగాణి, సింగిణి అని విల్లుకి పేర్లున్నాయి, అవీ ఆ కొమ్ములోంచి వచ్చినవే. ఆ పాత సింగాణి ఆకారం, అటక మీది ఎండ్రకాయ విల్లు ఆకారం ఒకటే అని నేను అనడం లేదు. పేరు పాతదైనంత మాత్రాన వస్తువు మారదని కాదు. కొమ్ముతో విల్లు చెయ్యడమనే ఆలోచన ఈ నేలకి పరాయిది కాదంటున్నాను, అంతే.

ఇక్కడ సంస్థానాల సంగతి కూడా చెప్పుకోవాలి. గద్వాల కోట సోమనాద్రిది, వనపర్తిది ఇంకో రెడ్డి రాజుల వంశం. ఈ ఇళ్ళలో దొరికే ఏ వస్తువైనా అక్కడే పుట్టి ఉండాల్సిన పనిలేదు. కానుకగా రావొచ్చు, కొల్లలో రావొచ్చు, కొనొచ్చు, వియ్యంలో రావొచ్చు. వస్తువుల సంగతెందుకు, మనుషుల్నే చూడండి. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, అంటే ఆఫ్రికా సంతతి సిద్దీల గుర్రపు దళం. వనపర్తి రాజా పెంచుకున్న ఆ దళం తర్వాత నిజాం కొలువుకి చేరింది. ఆఫ్రికాలో మూలాలున్న మనుషులు వనపర్తి మీదుగా హైదరాబాదులో ఒక పేటకి పేరయ్యారు. అలాంటి చోట ఒక విల్లుకి ఒకే ఊరు రాసిపెట్టడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

సరే, రాజుల విల్లు సంగతి చిక్కుముడే. అడవి విల్లు సంగతి తేలికే కదా అనిపిస్తుంది. చెంచు విల్లు చూస్తే తెలిసిపోతుంది: కొమ్ము లేదు, జిగురు లేదు, రంగు లేదు. అడవిలో దొరికే దానితోనే చేసిన సాదా విల్లు. అందుకే దాన్ని పుట్టుక అడగాల్సిన అవసరం లేనిదన్నట్టు "ఆదిమ" అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తాం.

రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి హైదరాబాదులో చిక్కుకుపోయిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచుల మధ్య ఉండి, వాళ్ళ గురించి 1943లో పుస్తకం వేశాడు. విల్లు పట్టుకున్న చెంచు అనే బొమ్మ ప్రపంచానికి తెలియడంలో ఆయన ఫొటోలకి పెద్ద వాటా ఉంది. కానీ ఆ పుస్తకం చదివితే రెండు సంగతులు బయటపడతాయి. మొదటిది, చెంచుల కడుపు నింపేది ప్రధానంగా వేట కాదు, అడవి గడ్డలూ పళ్ళూ. తవ్వుకోల పట్టిన ఆడమనిషి ఆ ఇంటికి విల్లు పట్టిన మగవాడికంటే ఎక్కువ తిండి తెస్తుంది. రెండోది, బాణపు ములికి ఇనుముది, చెంచులు ఇనుము పని చెయ్యరు. ఇనుప సామాను మైదానపు ఊళ్ళ కమ్మరుల దగ్గరినుంచే రావాలి, దానికి బదులుగా అడవి సరుకు కిందికి దిగాలి. అంటే లోకంతో సంబంధం లేని అడవి విల్లని మనం అనుకునేదాని కొసన మైదానపు కొలిమి ఉంది. చెంచులు మాట్లాడేది కూడా తెలుగే. శ్రీశైల మల్లన్నని చెంచు మల్లయ్య అనీ, తమ ఇంటి అల్లుడనీ వాళ్ళు చెప్పుకుంటారు. ఈ సంబంధాలన్నీ ఎప్పటినుంచో ఉన్నవే.

ఇది చెంచు విల్లుని చిన్నబుచ్చడం కాదు. కొరియాలో నీటిగేదెలు లేవు, వాళ్ళ కొమ్ము విల్లుకి కొమ్ము బయటనుంచి రావాల్సిందే. అయినా అది కొరియా విల్లే. గద్వాల చీర జరీ సూరత్‌నుంచి వచ్చినా అది గద్వాల చీరే. ఇనుము కిందినుంచి వచ్చినా చెంచు విల్లు చెంచులదే. ఒక వస్తువు ఎవరిదో తేల్చేది ముడిసరుకు వచ్చిన ఊరు కాదు. దాన్ని కూర్చే తెలివి ఎవరి చేతుల్లో ఉంది, తరం నుంచి తరానికి ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నవే తేల్చాలి. నా మటుకు నాకు పుట్టుక అంటే ఇదే. ఈ లెక్కన రాజుల ఇంట్లో దొరికిన విల్లుకంటే చెంచు పెంటలో దొరికిన విల్లుకే గట్టి చిరునామా ఉంది. చేసినవాడు, వాడినవాడు ఒకడే, చేసిన చోటు, వాడిన చోటు ఒకటే. అయినా మ్యూజియం చీటీల్లో మొదటిదానికి వంశం, శతాబ్దం, శైలి ఉంటాయి. రెండోదానికి "గిరిజనుల విల్లు" అని ఉంటుంది.

చీటీ మీద ఏం రాస్తే ఏం పోయింది అనొచ్చు. పోయేది ఉంది. 1972 సెప్టెంబరు 9న రెండు కేంద్ర చట్టాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆ ఏడాది 52వ చట్టం పురావస్తువులు, కళాఖండాలది. 53వ చట్టం వన్యప్రాణి సంరక్షణది. మొదటిదాని ప్రకారం నూరేళ్ళు దాటిన విల్లు పురావస్తువు కావొచ్చు, దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు, కాపాడుకోవాలి. రెండోదాని ప్రకారం 'ఆయుధం' అనే మాటకిచ్చిన నిర్వచనంలో తుపాకులు, ఉచ్చులు, విషంతోపాటు విల్లూ బాణాలూ ఉన్నాయి. అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్ళకూడదు. నల్లమల 1983లో పులుల రిజర్వు అయింది, ఇవాళ తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు. వరస నంబర్లున్న రెండు చట్టాల్లో ఒకటి గద్వాల అటక మీది విల్లుని వారసత్వం చేసింది, ఇంకొకటి అమ్రాబాద్ గుడిసెలో చూరుకి వేలాడే విల్లుని నేరపు సాక్ష్యం చేయగలదు.

పులి బతకాలి, అందులో నాకు అనుమానం లేదు. చట్టం రాసినవాళ్ళకి మినహాయింపు ఇవ్వడం తెలియకా కాదు. అదే వన్యప్రాణి చట్టంలో నికోబార్ దీవుల గిరిజనుల వేట హక్కుల్ని ముట్టుకోబోమని విడిగా రాశారు. నల్లమలకి అలాంటి వాక్యం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కూడా సంప్రదాయ హక్కుల్ని గుర్తిస్తూనే వేటని పక్కన పెట్టింది. ఇది మంచా చెడా అన్న చర్చ వేరే. నేనంటున్నది ఏమిటంటే, వాడకం ఆగిన చోట నేర్పడం కూడా ఆగుతుంది. నేర్పడం ఆగితే నేను పైన పుట్టుక అన్నది మిగలదు. అప్పుడు చెంచు విల్లు పండగ వేదిక మీద పట్టుకుని నిలబడే వస్తువవుతుంది. యాభై ఏళ్ళ తర్వాత దాన్నీ ఎవరో అటక మీదనుంచి దించి, "ఇదెక్కడిది?" అని అడుగుతారు.

ఆ ప్రశ్నకి జవాబు ఇప్పుడే రాసిపెట్టుకునే వీలుంది, దానికి ప్రయోగశాల అక్కర్లేదు. రాజుల విల్లు విషయంలో మనం ఎక్స్‌రేలతో, కొలాజెన్ పరీక్షలతో తంటాలు పడేది చేసినవాడు లేడు కాబట్టి. పెంటలో చేసినవాడు ఇంకా ఉన్నాడు. ఏ చెట్టు, ఏ కాలంలో నరకాలి, ఎన్నాళ్ళు ఆరబెట్టాలి, నారికి ఏది వాడాలి, ములికి ఏ ఊరి కమ్మరి దగ్గర చేయించారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు: ఈ ఆరు ప్రశ్నలు అడిగి, జవాబుల్ని వాళ్ళ మాటల్లోనే రికార్డు చేసి, వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరుతో విల్లు పక్కన పెడితే చాలు. అటక మీది విల్లు దొరికినవాళ్ళు చెయ్యాల్సింది కూడా అంతకంటే ఎక్కువేం కాదు. తాడు కట్టకుండా, నూనె రాయకుండా, రంగు గోకకుండా, నారి లేని ఆకారాన్ని రెండు పక్కలనుంచీ, కొసలనీ పిడినీ దగ్గరగా, పక్కన కొలబద్ద పెట్టి ఫొటోలు తియ్యాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి గుర్తున్నంత మేరకి అది ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో రాసి పెట్టాలి. "కృష్ణదేవరాయల కాలం నాటిది" అన్న ముక్క మాత్రం రాయక్కర్లేదు.